మూడో ఒంటిపీట

సూర్యుడు తూర్పుకొండ దాటక ముందే కంచరి సోమిదేవయ్య రాయైపోయాడు.

బయ్యన తలుపు తోసుకుని సత్రం గదిలోకి వెళ్ళేసరికి ముసలాయన పీట మీద కూర్చునే ఉన్నాడు. ముందు విస్తరి, విస్తరిలో చద్దన్నం, చేతిలో ముద్ద. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. బయ్యన రెండుసార్లు పిలిచి, పలకకపోతే భుజం పట్టి కుదిపాడు. చేతికి చల్లగా, గరుకుగా బండ తగిలింది. విస్తరిలో మెతుకులు కూడా గులకరాళ్ళే. ముసలాయన చెవి మీది వెంట్రుక ఒకటి విరిగి బయ్యన వేలికి ముల్లులా దిగింది. ఆ రాతి కళ్ళలో భయం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

"తాకకు నాయనా," అంది వెనకనుంచి నాగసాని. "నల్లద్దం చూపించారు. అందులో తన మొహం తాను చూసుకున్నవాడు ఇక మనిషి కాడు."

ఆ ముగ్గురూ వరుణావతి రాజ్యపు పెద్దకొలువులో ఒంటిపీట సభ్యులు. ఆ రాజ్యంలో రాజు ఒక్కడి మాట చెల్లదు. తొలి రాజు పెద్దకొలువు అనే సభ కట్టించి అందులో నలభై మూడు పీటలు వేయించాడు. కాలం గడిచేకొద్దీ నలభై పీటలు రెండు పక్షాల పాలయ్యాయి. భూస్వాములు ఇరవై మంది తెల్లపట్టీలు కట్టి ధవళపక్షమయ్యారు. వర్తకులు ఇరవై మంది నీలిపట్టీలు కట్టి నీలపక్షమయ్యారు. నాయకుడు చేయి ఎత్తితే పక్షమంతా ఎత్తుతుంది, దించితే దించుతుంది. మిగిలిన మూడు పీటలకు పట్టీ లేదు, నాయకుడు లేడు, కష్టం వస్తే అడ్డం పడేవాడూ లేడు. వాన వస్తే జల్లు కొట్టే వాకిలి పక్కన వాటి చోటు. అందరూ మాట్లాడిన తర్వాత, ఒక చెంబెడు నీళ్ళు తాగేంత సేపు వాళ్ళు మాట్లాడవచ్చు.

సోమిదేవయ్యను కంచరివాడ పంపింది. నాగసానిని రాజధానిలోని మంత్రసానుల వీధి పంపింది. డెబ్భై ఏళ్ళ ఆ ముసలమ్మ సభలో సగం మందికి బొడ్డు కోసింది. బయ్యనను ఏడురేవుల పడవవాళ్ళు పంపారు. నీటి మీద తప్ప నేల మీద నిలకడగా నిలబడలేడని వాడి గురించి సభలో నవ్వుకునేవారు. ఆ పీట ఎక్కి ఇంకా ఏడాది కాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం సభ తేల్చవలసిన మాట చిన్నది కాదు. మహారాజు మూడు నెలలుగా లేవని నిద్రలో ఉన్నాడు. వైద్యుడినంటూ వచ్చిన జంభకేతుడనే మాంత్రికుడు రాజముద్రను గుప్పిట్లో పెట్టుకున్నాడు. భైరవకట్ట తూము తాళాలు తనకిస్తే నీళ్ళన్నీ పాలకోనలోకి వదిలి జలయాగం చేస్తానని, దానితో రాజు లేస్తాడని చెబుతున్నాడు. కోనలో ఉన్న నాలుగు వేల మందిని ముందే మరోచోటికి తరలిస్తానని మాట ఇస్తున్నాడు. తాళాలు సభ నడుమ బండ కింద ఉన్నాయి. సభ ఔనంటే తప్ప ఆ బండ కదలదు. అది తొలి రాజు వేసిన కట్టు.

ముందురోజు సోమిదేవయ్య తోటివాళ్ళిద్దరినీ పిలిచి ఒక సంగతి చెప్పాడు. పాలకోన ముఖద్వారానికి ఏనుగెత్తు కంచు తలుపులు పోయమని, గడియ బయటివైపు పెట్టమని కంచరివాడకు రహస్యంగా ఆజ్ఞ వచ్చిందట. జనాన్ని తరలించేవాడికి తలుపులతో పనేమిటని ఆయన అడిగాడు. నాలుగు వేల ప్రాణాలు ఒక్కసారిగా నీటిపాలైతే కోన అడుగున పడి ఉన్న క్షుద్రశక్తి కళ్ళు తెరుస్తుందని, తెరిపించినవాడికి దాసోహమంటుందని నాగసాని తన తల్లి నోట విన్నది.

నీలపక్షం ఇరవై మందీ మాంత్రికుడి వైపు. నీలపక్షం ఔనన్నదానికల్లా కాదనడం అలవాటు కనుక ధవళపక్షం ఎదురు. ముగ్గురు ఒంటివాళ్ళూ కాదంటే తాళాలు బండ కిందే ఉంటాయి. ఇరువైపులా సమానమైతే మాత్రం రాజముద్ర పట్టినవాడి మాట చెల్లుతుంది. ఆ లెక్క జంభకేతుడికీ తెలుసు. దాని ఫలితమే పీట మీద ముద్ద పట్టుకుని కూర్చుని ఉంది.

నాగసాని తన రొంటిలోంచి ఆవగింజ పట్టేంత కొమ్ముభరిణె తీసింది. అందులో ఉన్నది సత్యాంజనం. దాన్ని పెట్టుకున్న కంటికి మాయ మాయగానే కనబడుతుంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకే దాని బలం. ఆ తర్వాత ఆ కంటికి మాయా కనబడదు, నిజమూ కనబడదు.

"చెప్పకుండా పెట్టను," అంది ఆమె. "నా కళ్ళు ఎప్పుడో మసకబారాయి, వాటిలో ఇది పట్టదు. నీ ఇష్టం."

బయ్యన రాయైన ముసలాయన వైపు ఒకసారి చూసి, ఎడమ కన్ను విప్పి పట్టుకున్నాడు.

మిరపకాయ నూరి పెట్టినట్టు మండింది. మంట తగ్గి తల ఎత్తేసరికి గుమ్మంలో సత్రపు వంటమనిషి, మూతవేసిన పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. అయ్యగార్లకు పాలు తెచ్చానన్నాడు. కుడి కంటికి నవ్వుమొహం, పాలచెంబు. ఎడమ కంటికి రాబందు మెడ, మూత కింద నల్లగా నిగనిగలాడే అద్దం. వాడి చేయి మూత మీదికి వెళ్ళింది. బయ్యన అంతకంటే ముందే మూలనున్న కుంపటి ఎత్తి నిప్పులన్నీ పళ్ళెం మీద కుమ్మరించాడు. అద్దం ఫెటిల్లున పగిలింది. ఆ జీవి పెట్టిన కేకకు సత్రం నలుమూలల నుంచీ అలాంటివే మరో నాలుగు గొంతులు బదులు పలికాయి.

బయ్యన ముసలమ్మను వీపున వేసుకుని కిటికీలోంచి రాచకాలువలోకి దూకాడు. బాణాలు నీళ్ళలోకి జల్లుగా పడ్డాయి. ఒకటి వాడి పిక్కను చీరుకుంటూ పోయింది. కాలువ అడుగున నాచు పట్టుకుని పాకుతూ, ముసలమ్మ ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు మాత్రం ఒకసారి వంతెన నీడలో తేలి, మళ్ళీ మునిగి, చాకిరేవు దగ్గర ఒడ్డెక్కాడు. బండల మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు నాగసానిని చూసి ఏమీ అడగలేదు. వాళ్ళ పిల్లలందరూ ఆమె చేతుల మీదుగా వచ్చినవాళ్ళే. ఒకతె బయ్యన గాయానికి గుడ్డ కట్టింది. మరొకతె సభకు వెళ్ళవలసిన ఉతికిన ఆసనాల గుడ్డల మూటలు రెండు వాళ్ళ నెత్తిన పెట్టింది. ఏడురేవుల పడవవాడని దూరం నుంచే చెప్పే ఎర్రతలపాగాను బయ్యన మూటలోకి తోసి, బట్టలు మోసే మనిషై నడిచాడు.

రాజధాని కుంభనగరం ఆ ఉదయం పెళ్ళికూతురిలా ముస్తాబై ఉంది. ఏడంతస్తుల మేడల మీద పగడపు కలశాలు తళతళలాడుతున్నాయి. వీధుల్లో పన్నీరు చల్లారు. స్తంభానికో పూలదండ, మలుపుకో మేళం, మిద్దెల మీద నెమలిపింఛాల గొడుగులు. రాజు లేస్తాడని జనం ఆశ. ఆ సందడి నడుమ ముత్యాల జాలరు పల్లకీలో నీలపక్ష నాయకుడు రత్నపాలుడు వచ్చాడు. జనం పూలు విసిరారు. ఆయన చిరునవ్వుతో చేయి ఊపాడు. కుడి కంటికి.

బయ్యన కుడి కన్ను మూసి చూశాడు. పల్లకీలో పట్టుబట్టలు కట్టిన మైనపు బొమ్మ ఉంది. దాని మణికట్టు నుంచి పంతొమ్మిది పోగులు గాలిలో సాగి, వెనక గుర్రాల మీద వస్తున్న నీలపక్షం వాళ్ళ మణికట్లకు చుట్టుకుని ఉన్నాయి. మైనపు చేయి ఊగినప్పుడల్లా ఆ చేతులు తమకు తెలియకుండానే కళ్ళేల మీద కదిలాయి.

బయ్యన తాను చూసింది నాగసానికి చెప్పాడు. రత్నపాలుడికి మొదటి స్నానం తనే చేయించిందట. వాణ్ణి ఎప్పుడు చంపారో, ఎక్కడ పూడ్చారో అని మాత్రం అంది. ఒక్కణ్ణి చంపి ఇరవై పీటలను పట్టాడు జంభకేతుడు. ఒంటిపీటల దగ్గర ఆ వీలు లేక ఒక్కొక్కరి గదికీ అద్దం పంపవలసి వచ్చింది.

సభామంటపం ఏనుగుల కొట్టం దాటేసరికి ఎవరో బయ్యన మోచేయి పట్టుకున్నారు. తలపాగా లేదు, మొహమంతా దుమ్ము, పెదాలు పగిలి ఉన్నాయి. రేవుపెద్ద అంకన్న. బయ్యనకు పిల్లనిచ్చిన మామ. బయ్యన వెంటనే కుడి కన్ను మూశాడు. అది రాబందు అయితే బాగుండునని, ఆ ఒక్క క్షణం, మనసారా కోరుకున్నాడు. ఎడమ కంటికీ అంకన్నే కనబడ్డాడు.

అంకన్న మూడు మాటల్లో సంగతి చెప్పాడు. నిన్న జంభకేతుడి మనుషులు రేవుల మీద పడి ముప్పై మంది ఆడవాళ్ళను పట్టుకుపోయారు. భైరవకట్ట పాదాన, తూము నోటికి ఎదురుగా తెప్ప మీద కట్టి ఉంచారు. బయ్యన భార్య పోలి అందులో ఉంది. బయ్యన ఔనంటే తెప్ప విప్పుతారు, కాదంటే అక్కడే ముంచేస్తారు. నీళ్ళు కోనలోకే పోతాయి, ఏడురేవులకు తడి కూడా తగలదు.

"నిన్ను పంపింది మేము," అన్నాడు అంకన్న. "మేమే వచ్చి అడుగుతున్నాం. ఔనని చెప్పు అల్లుడూ."

"కోనలో నాలుగు వేల మంది మామా. తలుపులు వేసి ముంచుతాడు."

"వాళ్ళు మనకేమవుతారు? సభలో వాళ్ళ తరఫున ఒక్కడన్నా ఉన్నాడా?"

"లేడు," అన్నాడు బయ్యన. "అదే కదా నన్ను చంపుతున్నది."

"పోలి నా కూతురురా."

పడవలో మోయగలిగిన దానికంటే ఎక్కువ మంది ఎక్కితే ఎవరిని దించాలో తేల్చడం బయ్యనకు ఏనాడూ చేతకాలేదు. అందుకు తండ్రి చేత తన్నులు తిన్నాడు. ఇప్పుడూ చేతకాలేదు. ఔనని చెప్పలేనని మామ చేతులు పట్టుకుని చెప్పాడు. సభలో మాట తేలిన వెంటనే కట్ట దగ్గరికి వస్తానని, తన పడవ కాలువలో వంతెన కింద సిద్ధంగా ఉంచమని బతిమాలాడు. అంకన్న చేతులు విదిలించుకుని, వాడి మొహం మీద ఉమ్మి వెళ్ళిపోయాడు.

నాగసాని తన కొంగుతో వాడి చెంప తుడిచింది. సభామంటపం మెట్ల మీద పసుపుబట్టల వాళ్ళు నలుగురు, గుడ్డ కప్పిన పళ్ళేలతో నిలబడి వచ్చేపోయేవాళ్ళ తలలు చూస్తున్నారు. వాళ్ళు వెతుకుతున్నది ఎర్రతలపాగాను. దొడ్డిదారిన మూటలు మోసేవాళ్ళను కూడా ఆపి చూస్తున్నారు. ఎలా దాటాలని బయ్యన అడిగేలోపలే ముసలమ్మ వాడి మూటలోంచి తలపాగా లాగి తన నెరిసిన జుట్టుకు చుట్టుకుంది.

"అవ్వా, వద్దు. ఇద్దరం ఉంటే మన లెక్క గట్టిగా ఉంటుంది."

"ఇద్దరం దొరికితే ఏ లెక్కా ఉండదు. వాకిలి దగ్గర నీ పేరు నువ్వే చెప్పుకోవాలి, గుర్తుంచుకో. నీ తరఫున చెప్పేవాళ్ళుండరు. లోపలికి పోయాక ప్రశ్న అడుగు. ఒంటిపీటకు ఒక్క ప్రశ్న హక్కు ఉంది. అది మరిచిపోకు."

ఆమె వెన్ను నిటారుగా నిలిపి, మగవాడిలా పెద్ద పెద్ద అంగలు వేస్తూ మెట్లకు అడ్డంగా పరుగెత్తింది. నలుగురూ అటు ఉరికారు. బయ్యన మూటతో దొడ్డివాకిలి దాటాడు. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూశాడు. ఏడో మెట్టు మీద ముసలమ్మ ఒక చేయి పైకెత్తి నిలిచి ఉంది. ఆ చేయి మళ్ళీ దిగలేదు. తలపాగా ఎరుపు కొసల నుంచి మొదలై మెల్లగా బూడిదరంగుకు తిరిగింది.

పెద్దకొలువు మంటపానికి నూటొక్క స్తంభాలు. ప్రతి స్తంభం చుట్టూ రాతితీగ అల్లుకుని పైన వెండిపూలు పూసి ఉంటుంది. నేల నీలిచలువరాయి, నడుమ తాళాల బండ, బండకు సరిగ్గా పైన కప్పులో చిన్న గవాక్షం. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ గవాక్షంలోంచి దిగిన కిరణం బండ మీద పడిన క్షణాన మాట తేలాలి. బయ్యన వాకిలిలో నిలబడి తన పేరు, తనను పంపిన రేవుల పేరు ముమ్మారు చెప్పాడు. సభంతా తిరిగి చూసింది. తడిబట్టలతో, నెత్తురోడే కాలితో వాడు మూడో ఒంటిపీట మీద కూర్చున్నాడు. పక్కన రెండు పీటలు ఖాళీగా ఉన్నాయి.

ఎదుటి వరుసలో ధవళపక్షం పంతొమ్మిది మందే ఉన్నారు. ఒకడికి పొద్దున్నే జ్వరం తగిలిందన్నారు. బయ్యన లెక్క చూసుకున్నాడు. అటు ఇరవై. ఇటు పంతొమ్మిది, తను ఇరవయ్యోవాడు. సమానం. తన ఒక్క మాట ఇక చాలదు.

రాజముద్ర చేత పట్టి, కాషాయపట్టు కట్టి, తెల్లగడ్డం నిమురుకుంటూ జంభకేతుడు సింహాసనం పక్కన నిలబడ్డాడు. ఎడమ కంటికి ఆ గడ్డం లేదు. ఎండిన పాముచర్మం, రెప్పల్లేని కళ్ళు. అవి బయ్యన మీదే ఉన్నాయి. వృద్ధ సభాపతి ప్రతిపాదన చదివించాడు. రత్నపాలుడు చేయి ఎత్తాడు. ఇరవై నీలిపట్టీల చేతులు ఒక్కసారి లేచాయి. ధవళపక్ష నాయకుడు చండవర్మ పెదవి విరిచి చేయి దించాడు, పంతొమ్మిది చేతులు దిగాయి. ఇక ఒంటిపీట వంతు వచ్చింది. నీటిచెంబు దించి, వాడి కాలం మొదలైందన్నారు.

బయ్యన తాను చూసిన మైనపు బొమ్మ గురించి చెప్పలేదు. చెబితే నవ్వుతారు, కాలం అయిపోతుంది. ప్రశ్న అడుగుతానన్నాడు.

సభలో కలకలం రేగింది. ఆ హక్కు ఎవరూ వాడక నలభై ఏళ్ళయింది. ఒంటిపీట సభ్యుడు ఎవరిని ప్రశ్నిస్తే వారు అరచేతిలో వెలిగే కర్పూరం పెట్టుకుని, తమ నోటితో తామే జవాబు చెప్పాలి. పక్షం అడ్డురాకూడదు. జంభకేతుడు మృదువుగా, కాలం మించిపోతున్నదని, పాత మర్యాదలు ఇప్పుడెందుకని అన్నాడు. వృద్ధ సభాపతి చాలా సేపు తాళపత్రం తిరగేసి, మర్యాద పాతదైనా రద్దు కాలేదన్నాడు.

"నీలపక్ష నాయకుణ్ణి అడుగుతున్నాను," అన్నాడు బయ్యన. "కోన జనాన్ని బయటికి తెచ్చేటట్టయితే, కోన వాకిలికి బయట గడియ పెట్టిన కంచు తలుపులు ఎందుకు?"

కర్పూరం రత్నపాలుడి అరచేతిలో పెట్టి వెలిగించారు. ఆయన నోరు తెరిచాడు. జవాబు కూడా మొదలుపెట్టాడు. కాని మంట కింద అరచేయి మెరిసి, మెత్తబడి, చుక్కచుక్కగా నేల మీద పడింది. చూపుడువేలు వంగి ఊడిపోయింది. మొహం మీద చిరునవ్వు అలాగే ఉండగానే చేయి మోచేయి దాకా కారిపోయింది. దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి వెనక్కి దూకారు. మణికట్టు కరిగిన క్షణాన పంతొమ్మిది పోగులూ తెగాయి. నీలపక్షం వాళ్ళు నిద్రలోంచి లేచినట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎత్తిన చేతులు కొన్ని పడిపోయాయి, కొన్ని గాలిలోనే ఉండిపోయాయి. వాటిని ఏం చేయాలో చెప్పేవాడు లేడు.

అప్పుడే గవాక్షంలోంచి కిరణం దిగి బండ మీద పడింది. బయ్యన ఎడమ కంట్లో తెల్లటి వెలుగు పగిలి, ఆ పక్క లోకం ఆరిపోయింది.

సభాపతి ఔనన్నవాళ్ళను లేవమన్నాడు. ఎవరూ లేవలేదు. "ప్రతిపాదన వీగింది. తాళాలు కదలవు," అన్నాడు ఆయన. ఆ మాట పూర్తయ్యేసరికే జంభకేతుడు చేతిలోని ముద్ర తిప్పాడు. దాని వెనకవైపు నల్లద్దం ఉంది. సభాపతి తాళపత్రం పట్టుకున్న చేయితో సహా రాయైపోయాడు.

తాళాలు లేకపోతే కట్టనే తవ్విస్తానన్నాడు మాంత్రికుడు. ఏడు వందల మంది గడ్డపారలతో అక్కడ సిద్ధంగా ఉన్నారట. పొద్దు వాలేలోగా కోనతో పాటు ఏడురేవులూ ఈ నగరమూ మునుగుతాయని, ప్రాణాలు నాలుగు వేలైతేనేం నలభై వేలైతేనేమని చెప్పి, రాజముద్ర గోళ్ళలో ఇరికించుకుని, గద్దయై గవాక్షం బద్దలు కొట్టుకుని ఎగిరిపోయాడు. గాజుపెంకులు సభ మీద వర్షంలా కురిశాయి.

అందరూ వాకిళ్ళ వైపు తోసుకుంటుండగా చండవర్మ మాత్రం తాపీగా లేచి వచ్చాడు. ఆయన భూములు కొండల మీద ఉన్నాయి, ఏ నీరూ అంతెత్తుకు రాదు. ఆయన దగ్గర నలభై యుద్ధనావలున్నాయి. నీలపక్షం చెదిరింది, సింహాసనం పక్కన చోటు ఖాళీ అయింది. జ్వరం వచ్చినవాడు వస్తే ధవళపక్షం ఇరవై. ఇంకొక్క చేయి కలిస్తే ఇక సభలో వాళ్ళకు ఎదురుండదు. ఆయన తన భుజం మీది తెల్లపట్టీ ఒకటి తీసి బయ్యన ముందు పట్టుకున్నాడు.

"కట్టుకో. నా చేయి లేచినప్పుడు నీ చేయి లేవాలి, అంతే. నలభై నావలూ ఇప్పుడే కదులుతాయి. నీ భార్య తెప్ప మీద ఉందని విన్నాను."

బయ్యన ఆ పట్టీ వైపు చూశాడు. నిజంగానే చూశాడు. నలభై నావలంటే వెయ్యి మంది సైనికులు. పోలి చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తడుస్తూ ఉండి ఉంటాయి. వాడి చేయి కాస్త ముందుకు కూడా వచ్చింది.

"పట్టీ లేకుండా నావలు పంపరా?"

"పంపితే నాకేమిటి లాభం?"

నేల మీద చల్లబడుతున్న మైనం వాసన వాడి ముక్కుకు సోకింది. బయ్యన చేయి వెనక్కి తీసుకుని, కుంటుకుంటూ వాకిలి దాటాడు. ఏడో మెట్టు మీద నిలిచి ఉన్న రాతి ముసలమ్మ పాదాలు తాకి దిగాడు. ఒంటికన్నుతో మెట్లు ఎక్కువ తక్కువలుగా కనబడి రెండుసార్లు పడ్డాడు.

వంతెన కింద పడవ ఉంది. అందులో అంకన్న ముందువైపు తెడ్డు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అల్లుడి ఎడమ కంటి వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. బయ్యన గడ ఎత్తి ఒడ్డును తోసేంతలో వెనకనుంచి ఎవరో ఆయాసపడుతూ ఆగమన్నారు.

లావుపాటి మనిషి, చెవులకు వజ్రపు పోగులు. నీలపక్షపు ధనగుప్తుడు. ధాన్యం వర్తకుడు. పదకొండేళ్ళుగా సభలో ఉండి ఒక్క మాటా మాట్లాడినవాడు కాదు. నీలిపట్టీ విప్పి కాలువలో పడేసి, పడవ అంచు పట్టుకుని ఎక్కబోతే పడవ ఒరిగింది. అంకన్న విసుక్కుంటూనే చేయి అందించాడు. తనకు ఈత రాదని ధనగుప్తుడు చెప్పాడు. తన చేయి నాలుగు వేల మందిని చంపడానికి లేచి ఉండగా మెలకువ వచ్చిందని, ఇక ఆ పీట మీద కూర్చోలేకపోయానని కూడా చెప్పాడు.

పడవ ఎదురుప్రవాహంలో సాగింది. ముందు అంకన్న తెడ్డు, వెనక బయ్యన గడ. మేళాలు ఆగిపోయి, ఒడ్డున జనం మూటలతో పరుగెత్తుతున్నారు. పాత పడవ అడుగున పగులులోంచి నీరు ఊరుతూ ధనగుప్తుడి పాదాలు ముంచింది. ఆయన నీళ్ళు తోడే చిప్ప చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు నేనేం చేయాలి?"

"నీళ్ళు కనబడుతున్నాయి కదయ్యా," అన్నాడు బయ్యన. "తోడండి."

ఆయన తోడడం మొదలుపెట్టాడు.

పొద్దు పడమటికి ఒరిగే వేళకు పడవ మలుపు తిరిగింది. ఎదురుగా భైరవకట్ట ఆకాశానికి ఆనుకుని ఉంది. దాని ఒంటి మీద చీమల్లా మనుషులు, వందల గడ్డపారలు ఒకే తాళంలో లేచి పడుతున్నాయి. పైన గద్ద తిరుగుతోంది. కట్ట పాదాన తెప్ప, దాని మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. అంత దూరానికి ఎవరు ఎవరో బయ్యన ఒంటికన్నుకు ఆనలేదు. మోకు కట్టిన మేకు తెప్పకు కుడివైపు నీళ్ళలో ఉంది. మోకును కోయాలంటే కట్ట నీడలోకి, తూము నోటి ముందుకే పోవాలి.

గడ్డపారల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. పైన మనుషులు గట్టు వదిలి రెండు పక్కలకూ పరుగెత్తారు. కట్ట నడుమ ఇంటంత బండ ఒకటి మెల్లగా ముందుకు వంగి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, కిందికి రాలింది. దాని వెనక తెల్లగా నీరు విరుచుకుపడింది.

"అల్లుడూ, ఒడ్డుకా?" అన్నాడు అంకన్న, వెనక్కి తిరగకుండానే.

అల తెప్ప కింద లేచి, తెప్పను ఎత్తి, మోకు తెగేంతగా బిగించి, వాళ్ళ వైపు వస్తోంది. ధనగుప్తుడు తోడుతూనే ఉన్నాడు.

బయ్యన గడను నీటి అడుగు దాకా దించి, పడవ ముక్కును అలకు ఎదురుగా తిప్పాడు.